రెండో ప్రతి

లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ మార్చాల్సి వచ్చినప్పుడు మనం అడిగే ప్రశ్నలు మూడే. ఎంత సైజు, ఎంత స్పీడు, ఎంత రేటు. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని కొట్టు చీరాలలోనే కాదు, ఎక్కడా ఉండదు. నాలుగో ప్రశ్న ఒకటుంది, దాన్ని మాత్రం మనం అడగం: ఇది పోయిన రోజున ఏమవుతుంది? డిస్కుల చరిత్ర కాస్త తిరగేస్తే అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదేనేమో అనిపిస్తుంది. పోని డిస్కు ఇంతవరకూ ఎవరూ తయారు చెయ్యలేదు కాబట్టి.

నా లాప్‌టాప్ పాతది. లోపల ఉన్నది రెండున్నర అంగుళాల డిస్కు, 500 జీబీ, నిమిషానికి 5,400 సార్లు తిరిగేది. ఈ మధ్య ఉండుండి టిక్కు టిక్కుమంటోంది. అందులో ఉన్నవి సినిమాలైతే ఇంత ఆలోచన ఉండేది కాదు. చీరాల, జాండ్రపేట, వేటపాలెం ఇళ్ళల్లో అటకల మీంచి దింపిన గ్రాఫ్ కాగితాల ఫోటోలు వందల కొద్దీ ఉన్నాయి. చీర అంచుల డిజైన్లు అవి. కొన్ని కాగితాలు నేను ఫోటో తీసిన ఏడాదే చెదలు తినేశాయి. అంటే కొన్ని అంచులు ఇప్పుడు ఈ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేవు.

రిపేరు కొట్టులో కుర్రాడు బల్ల మీద రెండు డబ్బాలు పెట్టాడు. ఒకటి తిరిగే డిస్కు, 1 టీబీ. రెండోది ఎస్‌ఎస్‌డీ, దాని సైజు ఇందులో సగం. "ఎస్‌ఎస్‌డీ వేయించండి సార్, బటన్ నొక్కితే చాలు ఎగిరిపోద్ది" అన్నాడు. "అందులో పెట్టింది ఎన్నాళ్ళుంటుంది బాబూ?" అంటే, "అయిదేళ్ళు వారంటీ సార్" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ వారంటీ వస్తువుకే, లోపల ఉన్నదానికి కాదు. డిస్కు పోతే కంపెనీ కొత్త డిస్కు ఇస్తుంది. ఖాళీది.

ఆ రెండు డబ్బాల్లో మొదటిదాని వయసు ఇంచుమించు డెబ్బై ఏళ్ళు. 1956లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఐబీఎం ఇంజనీర్లు రామాక్ అనే యంత్రాన్ని బయటపెట్టారు. ఆ బృందానికి పెద్ద రెనాల్డ్ జాన్సన్, అంతకుముందు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పిన మనిషి. రామాక్ డిస్కు యూనిట్‌లో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. బరువు టన్ను దాటేది. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇప్పుడు ఫోనులో తీసే ఒక ఫోటో కూడా అందులో ఇమడటం కష్టం. అక్కడి నుంచి పళ్ళెం చిక్కుతూ వచ్చింది. 1980లో 5.25 అంగుళాలు, 1983లో 3.5. 1988లో ప్రెయిరీటెక్ అనే చిన్న కంపెనీ 2.5 అంగుళాల డిస్కు తెచ్చింది, 20 ఎంబీ. మన లాప్‌టాపుల్లోని కొలత ఆ డిస్కుదే. ఆ కంపెనీ మాత్రం మూడేళ్ళకే, 1991లో, దివాలా తీసింది.

డిస్కుల వ్యాపారమంతా ఇదే వరస. ఇప్పటిదాకా రెండు వందలకు పైగా కంపెనీలు ఈ రంగంలోకి వచ్చాయి. తిరిగే డిస్కులు చేసేవి ఇవాళ మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. "మంచి కంపెనీది చూసి కొను" అన్న పెద్దల మాట ఇక్కడ పూర్తిగా పనిచెయ్యదు. కంపెనీలే పోయాయి, వాటి డిస్కుల్లో దాచుకున్నవి ఏ పాటి?

ఐబీఎం ఆ డిస్కుని దేనికి బదులుగా తెచ్చిందో చూస్తే కథ చీరాల దగ్గరికొస్తుంది. రామాక్ రాకముందు ఆ కంపెనీ బతుకంతా చిల్లుల అట్టల మీదే. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హెర్మన్ హొలరిత్ అట్టలకు చిల్లులు పొడిచి లెక్కకట్టాడు. అతని కంపెనీ 1911లో మరికొన్నిటితో కలిసింది, 1924లో ఐబీఎం అని పేరు మార్చుకుంది. అట్టకు చిల్లి పొడిస్తే యంత్రం చదువుతుందన్న ఊహ అంతకుముందే మగ్గం మీద పండింది. 1804లో ఫ్రాన్సులోని లియాన్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ తయారు చేసిన సాధనం అది. చీరాల చుట్టుపక్కల గుంట మగ్గాల మీద ఈరోజుకీ ఎక్కి కూర్చునేది ఆయన పేరే. జకార్డు.

అది పనిచేసే తీరు తెలిస్తే కంప్యూటర్ సగం తెలిసినట్టే. డిజైనును ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపి గీస్తారు. ఒక్కో అడ్డ వరసకు ఒక్కో అట్ట. గడి నిండిన చోట చిల్లి, నిండని చోట లేదు. అట్టల్ని దారంతో వరసగా కుట్టి దండలా మగ్గం పైన వేలాడదీస్తారు. నేతగాడు కాలితో తొక్కినప్పుడల్లా ఒక అట్ట ముందుకొస్తుంది. చిల్లి ఉన్నచోట కొక్కెం పడుగు దారాన్ని పైకి లేపుతుంది, లేనిచోట లేపదు. కింద నుంచి నాడె దూసుకుపోతుంది. 120 కొక్కేల జకార్డు అంటే ఒక వరసలో 120 ఔను-కాదులు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే 120 బిట్లు.

అయితే అట్టకూ డిస్కుకూ ఒక పెద్ద తేడా ఉంది. అట్ట కంటికి కనబడుతుంది. ఎలక కొరికిన అట్టను చూస్తే ఏ చిల్లి పోయిందో తెలిసిపోతుంది, కొత్తది పొడుచుకోవచ్చు. మొత్తం దండ పోయినా ఫరవాలేదు. ఆ అట్టలతో నేసిన చీర ఎక్కడో ఒక ఇంట్లో బీరువాలో ఉంటుంది. అనుభవమున్న డిజైనరు దాని అంచుని భూతద్దం కింద పెట్టి, పోగులు లెక్కపెట్టి, గ్రాఫ్ మళ్ళీ గియ్యగలడు. అంటే నేసిన ప్రతి చీరా ఆ డిజైనుకి ఒక నకలు. ఎవరూ బ్యాకప్ అని పేరు పెట్టలేదు కానీ నేతలో అది వాటంతట అదే జరిగిపోయేది. ఇప్పుడు డిజైన్లు కంప్యూటర్లో గీస్తున్నారు. అట్టలే అక్కర్లేని ఎలక్ట్రానిక్ జకార్డులూ వచ్చాయి, డిజైను పెన్ డ్రైవ్‌లో వెళ్తుంది. పని తేలికైంది, సంతోషమే. కానీ ఫైలు పోతే ఏ చిల్లి పోయిందో ఇక చూపించేవాళ్ళు లేరు.

చీరాలకు దీనికంటే పాత పాఠం ఒకటుంది. తేలియా రుమాలు. నూలును నూనెలో, క్షారంలో రోజుల తరబడి నానబెట్టి మెత్తబరిచి, దారాల్ని ముందే కట్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేసే చదరపు గుడ్డ. ఎరుపు, నలుపు, తెలుపు. చీరాల నుంచి ఇవి అరబ్బు దేశాలకూ, తూర్పు ఆఫ్రికాకూ ఓడల్లో వెళ్ళేవి. దీనికి అట్టలు లేవు. డిజైను ఎక్కడుంటుందంటే, దారానికి ఏ కొలతలో కట్టు పడాలో తెలిసిన చేతుల్లో. ఎగుమతులు పడిపోయాక చీరాలలో ఆ చేతులు తగ్గిపోయాయి. అయినా తేలియా రుమాలు ఇవాళ బతికే ఉంది, తెలంగాణలోని పుట్టపాకలో. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పుట్టిన ఊళ్ళో పల్చబడిన పని, నేర్చుకున్న ఊళ్ళో నిలబడింది. చీరాల వాడిగా కాస్త చివుక్కుమంటుంది. కానీ వేరే ఊళ్ళో రెండో ప్రతి లేకపోయుంటే, ఇవాళ దాన్ని మ్యూజియం అద్దాల వెనక తప్ప చూసేవాళ్ళం కాదు.

ప్రతి. ఈ మాట మనకు ఎంత పాతదో! తాటాకు మీద రాసినా వ్రాతప్రతి అనే అన్నాం. మన ఉక్కపోతకీ పురుగులకీ తాటాకు కొన్ని వందల ఏళ్ళ కంటే నిలవదు. నన్నయ చేతి తాటాకు మనకు మిగల్లేదు. మిగిలింది ప్రతికి ప్రతికి ప్రతి. పందొమ్మిదో శతాబ్దంలో సి. పి. బ్రౌన్ చేసిన పని కూడా మౌలికంగా ఇదే. పండితుల్నీ లేఖకుల్నీ జీతాలిచ్చి పెట్టుకుని, ఊరూరా ఉన్న తాటాకుల్ని తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూసి కాగితం మీదికి ఎత్తి రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చయ్యాయంటే, ఆ వెనక ఎంతమంది కూర్చుని ఎత్తి రాశారో. మన సాహిత్యం మంచి తాటాకు వల్ల బతకలేదు. విసుక్కోకుండా మళ్ళీ రాసినవాళ్ళ వల్ల బతికింది.

చీరాలకు పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో వి. వి. శ్రేష్ఠి మొదలుపెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ వచ్చి శంకుస్థాపన చేశారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల తెలుగు పత్రికల మీద పరిశోధన చేసే ఎవరైనా ఏదో ఒక రోజు ఆ మెట్లు ఎక్కాల్సిందే. వేల కాపీలు అచ్చయి, ఊళ్ళకు ఊళ్ళు చేరిన పత్రిక అది. చదివాక జనం పొట్లాలు కట్టుకున్నారు. ఒక చిన్న ఊరి లైబ్రరీ మాత్రం బైండు చేయించి బీరువాలో పెట్టింది. వెయ్యి ప్రతులు వేశారా అన్నది కాదు, ఒక ప్రతిని ఎవరైనా కావాలని దాచారా అన్నది లెక్క.

అచ్చు పుస్తకాల్ని డిస్కుల్లోకి ఎక్కించే పెద్ద ప్రయత్నం కూడా మనవాళ్ళు పాలుపంచుకున్నదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పదిలక్షల పుస్తకాల ప్రాజెక్టును నడిపించారు. దాని భారతీయ భాగం బెంగళూరులోని ఐఐఎస్సీ కేంద్రంగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. వేల తెలుగు పుస్తకాలు అందులోకి ఎక్కాయి. మనలో చాలామంది అర్ధరాత్రిళ్ళు కూర్చుని ఒక్కో పేజీ దించుకున్న సైటే అది. కొన్నేళ్ళకు ఆ సైటు మూతపడింది. అప్పటికే ఆ పుస్తకాల్లో చాలా భాగాన్ని కార్ల్ మాలముడ్ లాంటివాళ్ళు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎత్తి పెట్టారు. ఇవాళ మనం "ఆర్కైవ్‌లో దొరుకుతుందిలే" అంటూ ధీమాగా చెప్పుకునే పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఆ రెండో ప్రతే.

ఇప్పుడు ఆ బల్ల మీది రెండు డబ్బాల దగ్గరికి వద్దాం. ఏది ఎలా పోతుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది.

తిరిగే డిస్కులో చదివే ముల్లు పళ్ళేనికి తగలకుండా దాని మీద తేలుతుంది. ఆ ఎత్తు వెంట్రుక మందంలో వేల వంతు. నడుస్తుండగా లాప్‌టాప్ జారిందా, ముల్లు పళ్ళేన్ని గీకే ప్రమాదముంది. అదృష్టం బాగుంటే అది చెప్పి పోతుంది, నాది టిక్కుమన్నట్టు. కానీ ఆ చెప్పడాన్ని నమ్ముకోవడానికి లేదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల్ని పరిశీలించి ఒక పరిశోధనా పత్రం వేశారు. డిస్కు తన ఆరోగ్యాన్ని తనే చెప్పుకునే స్మార్ట్ అనే ఏర్పాటు ఉంది కదా. అందులో గట్టివి అనుకున్న నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ ఇవ్వకుండానే, పాడైన డిస్కుల్లో సగానికి పైగా పోయాయి. ఇప్పుడొచ్చే 1 టీబీ చిన్న డిస్కుల్లో ఎక్కువ భాగం ఇంకో రకం కూడా. బంగాళా పెంకుల్లా గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా రాస్తాయి. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్క పెంకులూ లేపాలి. ఒకసారి రాసి దాచుకోవడానికి బాగుంటుంది, రోజంతా రాసి చెరిపే పనికి నత్తనడక.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా బృందం 1987లో ప్రకటించిన నాండ్ ఫ్లాష్ దాని ప్రాణం. సిలికాన్‌లో చిన్న చిన్న గదులు, గదికింత విద్యుదావేశం. కింద పడినా తొందరగా చావదు. కరెంటు పోయినా గదుల్లో ఆవేశం నిలుస్తుంది. కానీ శాశ్వతంగా కాదు. పరిశ్రమకు ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ లెక్క ప్రకారం, మామూలు వాడకపు ఎస్‌ఎస్‌డీ తన రాత ఆయుష్షంతా అయిపోయాక, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది దాచిపెడితే చాలు. వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. కొత్త ఎస్‌ఎస్‌డీ ఇంతకంటే చాలా ఎక్కువ కాలమే నిలుస్తుంది, కంగారు అక్కర్లేదు. కానీ మే నెల చీరాలలో, పై అంతస్తు గదిలో, ఇనప బీరువాలో ఏళ్ళ తరబడి పడేసి మర్చిపోవడానికి అది తగిన వస్తువు కాదు. పైగా పోయేటప్పుడు చెప్పాపెట్టకుండా పోతుంది. చెరిపిన ఫైళ్ళ జాగాను తనంతట తానే ఖాళీ చేసుకుంటుంది కాబట్టి, పొరపాటున తుడిచేసింది తిరిగి రాబట్టడమూ కష్టం.

కాబట్టి ఏది మంచిది అన్నదానికి ఒక్క జవాబు లేదు. ఒకటి పని చేయడానికి, ఒకటి దాచడానికి. మగ్గం మీదికి ఎక్కే అట్టల దండ వేరు, అటక మీది గ్రాఫ్ కాగితం వేరు. రెండిటినీ ఒకే వస్తువు చేయాలని మనం అనుకున్నాం, చిక్కంతా అక్కడే.

కుర్రాడితో నేను చెప్పిందిదీ. లాప్‌టాప్‌లోకి ఎస్‌ఎస్‌డీ. పాతది కాబట్టి సాటా రకమే పడుతుంది, చాక్లెట్ బిళ్ళలా సన్నగా ఉండే ఎం.2 దూరదు. పాత డిస్కు మందం 9.5 మిల్లీమీటర్లు, కొత్తది 7. వదులుగా ఊగకుండా చుట్టూ పెట్టే సన్న చట్రం కూడా అడిగాను. తిరిగే 1 టీబీ కూడా కొన్నాను, అది లోపలికి కాదు, యూఎస్‌బీ కేసింగ్‌లోకి. "రెండూ ఎందుకు సార్, డబ్బులు దండగ" అన్నాడు, పాపం నా మంచికే. అయితే అన్నిటికంటే ముందు చేయించింది వేరే ఉంది. టిక్కుమనే డిస్కుకి రిపేరు స్కానులు పెట్టకుండా, దాన్ని ఇంకా శ్రమ పెట్టకుండా, ముందు గ్రాఫ్ కాగితాల ఫోల్డరు కాపీ. తర్వాత మిగతావి. విండోస్ ఏముంది, మళ్ళీ వేసుకోవచ్చు.

రెండు ప్రతులూ ఒకే ఇంట్లో ఉంటే వాటిని రెండు అనొచ్చా? 2011 అక్టోబరులో థాయ్‌లాండ్ వరదల్లో వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ నీట మునిగితే, ప్రపంచమంతా డిస్కుల ధరలు అమాంతం లేచాయి. అంతా ఒకే పల్లంలో పెట్టుకున్న ఫలితం అది. ఆ పాఠానికి మనం థాయ్‌లాండ్ దాకా వెళ్ళక్కర్లేదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను తీరం దాటింది చీరాల దగ్గరే. దివిసీమను సముద్రం మింగేసిన తుపాను, వేల మందిని పొట్టన పెట్టుకున్న తుపాను. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటింది. వాడరేవు గాలి పీల్చే ఊళ్ళో, తుపాను రాదులే అనుకుని ఏ డిస్కూ కొనకూడదు. అందుకే మూడో కాపీ ఒకటి హైదరాబాద్‌లో మా పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. "ఏంట్రా ఇది, ఇందులో ఏముంది?" అని అడిగింది. చీరలు పిన్నీ అన్నాను.

ఆర్నెల్లకోసారి కేసింగ్‌ని తగిలించి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయో లేదో చూడటం మిగిలిన పని. అయిదారేళ్ళకు మళ్ళీ కొత్త డిస్కు, మళ్ళీ ఎత్తి రాత. గంట పట్టే ఈ పనికి మనకు ఓపిక లేదనిపించినప్పుడు, దీపం వెలుగులో గంటం పట్టుకుని ఆకుకు ఆకు ఎక్కించిన లేఖకుల్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది. వాళ్ళలో చాలామంది పేర్లు మనకు తెలియవు. వాళ్ళు ఎత్తి రాసినవి మాత్రం మన దగ్గరున్నాయి.